వాకిలి కాచిన ఇల్లు: విక్టోరియా యుగపు ఎస్టేటు లాడ్జి

తెలుగువారికి నేడు ‘లాడ్జి’ అన్న మాట వినగానే రైల్వే స్టేషను ప్రక్క సందులో, ఒక రాత్రి తల దాచుకొనేందుకు అద్దెకిచ్చే గదుల వరుస స్ఫురిస్తుంది. ఆ మాట పుట్టినప్పటి అర్థం వేరు. ప్రాచీన ఫ్రెంచి భాషలో ‘లోజ్’ అంటే కొమ్మలతో, ఆకులతో అల్లుకొన్న తాత్కాలిక నివాసం. మన పర్ణశాల వంటిది. అడవిలో వేటగాళ్ళు దిగే పాకను, పెద్ద చర్చీలు కట్టే చోట శిల్పులు రాళ్ళు చెక్కుకొనే పాకను, దివాణం వాకిట కాపలావాడు ఉండే పాకను ఇంగ్లీషువారు ఆ పేరుతోనే పిలుస్తూ వచ్చారు. కాలక్రమాన ఆ మాట పెద్దరికం కూడా సంపాదించుకొన్నది. 1888లో సిమ్లా కొండ మీద వైస్రాయి నివాసానికి కట్టిన రాజభవనం పేరు కూడా ‘వైస్‌రీగల్ లాడ్జి’యే. వీటన్నిటిలో ఇక్కడ ప్రస్తావించబోయేది మాత్రం వాకిట కాపలావాని ఇల్లు. విక్టోరియా మహారాణి రాజ్యమేలిన 1837–1901 సంవత్సరాల మధ్య, బ్రిటన్ భూస్వాముల ఎస్టేట్ల ముఖద్వారాల వద్ద వెలసిన ఆ చిన్న ఇంటి వాస్తువుకు ఒక చిత్రమైన చరిత్ర ఉన్నది.

ఆ ఇంటిని అర్థం చేసుకోవాలంటే ముందు దాని వెనుకనున్న భూమిని తలచుకోవాలి. 1870ల నాటి భూయాజమాన్యపు లెక్కలను బట్టి, బ్రిటిష్ దీవుల భూమిలో ఐదింట నాలుగు వంతులు ఏడు వేల కుటుంబాల లోపువారి చేతిలోనే ఉండేది. అటువంటి ఎస్టేటు నడిబొడ్డున యజమాని మహాభవనం. దాని చుట్టూ పచ్చిక బయళ్ళు, చెరువు, చెట్ల తోపులు గల విశాలమైన వనం. ఆ వనం చుట్టూ మైళ్ళ పొడవున రాతి ప్రహరీ. రహదారి నుండి భవనానికి వంపులు తిరుగుతూ సాగే బండి బాట. ఆ బాట మొదట్లో ఇనుప గేట్లు, గేట్ల ప్రక్కనే లాడ్జి. మహాభవనం చాలామంది కంటికి ఆనేది కాదు. ఊరివారికి, బాటసారికి, కోచిబండిలో వచ్చే అతిథికి ముందుగా కనబడేది లాడ్జి ఒక్కటే. కనుక యజమాని తన సంపదను, అభిరుచిని, వంశ ప్రతిష్ఠను లోకానికి చాటే బాధ్యతను నాలుగు గదులైనా లేని ఈ ఇంటి నెత్తిన పెట్టాడు. అదే సమయంలో అది ఒక కూలి కుటుంబం వండుకొని, తిని, పిల్లలను పెంచుకొనే ఇల్లు కూడా. చూసేవారి కోసం కట్టాలా, ఉండేవారి కోసం కట్టాలా అన్న చిక్కు దాని పునాదిలోనే ఉన్నది.

ఈ చిక్కును మొట్టమొదట నిష్కర్షగా ఎత్తి చూపిన వ్యక్తి వాస్తుశిల్పి కాదు, తోటల రూపశిల్పి. హంఫ్రీ రెప్టన్ (1752–1818) కాలంలో గేటుకు అటొకటి, ఇటొకటి ఒకే పోలికగల రెండు చతురస్రపు గదులు నిలపడం ఆనవాయితీ. చూపుకు సమతూకంగా ఉండేది. కాని ఒకే కుటుంబాన్ని రెండు పెట్టెలలోకి విడగొట్టినట్లయ్యేది. ఒక గదిలో వంట, రెండవ గదిలో పడక. మధ్యన బండ్ల బాట. వాన కురిసే రాత్రి పసిబిడ్డను చంకనెత్తుకొని ఆ బాట దాటవలసి వచ్చిన తల్లి సంగతి నమూనా గీసినవానికి తట్టలేదు. కొద్ది అడుగుల మురికి గదిలో, మనుష్య సంచారానికి దూరంగా, ఏ ముసలి అవ్వనో కాపలా ఉంచి, పిల్లచేష్ట వంటి ఆ సౌష్ఠవం కోసం ఆమె ఇంటిని రెండుగా చీల్చడం అసంబద్ధమని రెప్టన్ ఆక్షేపించాడు. ఈ మాటలు విక్టోరియా పుట్టకముందే వెలువడినా, ఆమె కాలపు లాడ్జి ఒకే కప్పు క్రిందికి వచ్చి, గేటుకు ఒక ప్రక్కన మాత్రమే నిలబడటానికి ఈ భావన దోహదం చేసింది.

జంట పెట్టెల స్థానంలో వచ్చినది ‘చిత్రరమణీయ’ శైలి. పాత పల్లెటూరి ఇంటి వలె ఎగుడు దిగుడు కప్పులు, లతలు ప్రాకే వసారా, ఎత్తైన పొగగూళ్ళు, ప్రకృతిలో కలిసిపోయే ఆకృతి దాని లక్షణాలు. బ్రిస్టల్ సమీపంలో 1811 ప్రాంతంలో జాన్ నాష్ కట్టిన బ్లేజ్ హ్యామ్లెట్ ఈ ధోరణికి తొలి మేలిబంతి. హార్ఫర్డ్ అనే బ్యాంకరు తన ఎస్టేటులో పనిచేసి వృద్ధులైన సేవకుల కోసం తొమ్మిది కుటీరాలు కట్టించాడు. ఒకదాని పోలిక ఒకదానికి లేదు. తరువాత నమూనా పుస్తకాల యుగం వచ్చింది. 1825లో టి.ఎఫ్. హంట్, 1833లో పి.ఎఫ్. రాబిన్సన్ గేటు లాడ్జిల నమూనాలతో గ్రంథాలు ప్రకటించారు. భూస్వామి పుస్తకం తిరగవేసి బొమ్మ చూపితే, ఊరి మేస్త్రి దానిని కట్టిపెట్టేవాడు. పెళ్ళిళ్ళకు నగల దుకాణంలో నమూనా పుస్తకం చూసి హారం ఎంచుకొన్నట్లే ఈ వ్యవహారం సాగింది. బొమ్మలో ముందు వైపు తప్ప వెనుక వైపు కనిపించదు గదా!

వెనుక వైపు గురించి ఆలోచించినవాడు జాన్ క్లాడియస్ లౌడన్. స్కాట్లండులో పుట్టి, తోటల విద్యలో ప్రవీణుడై, 1825లో కుడిచేతిని శస్త్రచికిత్సలో పోగొట్టుకొని కూడా కలం విడువని మనిషి. 1833లో అతడు ప్రకటించిన ‘కుటీర, వ్యవసాయ, గ్రామీణ గృహవాస్తు విజ్ఞాన సర్వస్వం’ వెయ్యి పుటలు మించిన ఉద్గ్రంథం. అందులో కోట వంటి లాడ్జి, ఇటలీ తరహా లాడ్జి, గోథిక్ లాడ్జి అన్నీ ఉన్నాయి. కాని వాటితో పాటు నేల చెమ్మ ఎక్కకుండా ఇంటిని అరుగు మీదికి ఎత్తాలని, గోడలు దళసరిగా ఉండి చలిని ఆపాలని, వంటగదికి తగిన వెలుతురు రావాలని, మరుగుదొడ్డి, బొగ్గు కొట్టు ఎక్కడ ఉండాలో ముందే నిర్ణయించాలని ఓపికగా వివరించాడు. పెద్ద తోటలలో పనిచేసే యువకులను వేడిగృహాల వెనుక చీకటి కొట్లలో పడుకోబెట్టే యజమానులను తన పత్రికలో బాహాటంగా విమర్శించాడు. అలంకారం వద్దని అతడు అనలేదు. ఇల్లు ముందు ఇల్లు కావాలని, ఆ తరువాతే బొమ్మ కావాలని అతని వాదం. విక్టోరియా సింహాసనం ఎక్కేనాటికి ఈ గ్రంథం వాస్తుశిల్పుల చేతిలోనూ, ఎస్టేటు మేనేజర్ల బల్లల మీదనూ ఉన్నది.

ఇక ఆ కాలపు సామాన్యమైన లాడ్జి ఎదుట నిలిచి చూద్దాం. కట్టడం ఒకటిన్నర అంతస్తు. అనగా క్రింద పూర్తి గోడలు, పైన వాలు కప్పులోనే ఇమిడిన అటక గదులు. తల ప్రణాళిక సాధారణంగా శిలువ ఆకారంలోనో, ఇంగ్లీషు ‘ఎల్’ అక్షరం ఆకారంలోనో ఉంటుంది. ఇందుకు కారణం లేకపోలేదు. ఈ ఇంటికి దారి మూడు వైపులా తిరుగుతుంది. రహదారి మీద వెళ్ళేవాడు ఒక ముఖం, గేటులో ప్రవేశించేవాడు మరొక ముఖం, భవనం నుండి తిరిగి వచ్చేవాడు ఇంకొక ముఖం చూస్తాడు. ప్రతి వైపునా ఒక త్రికోణపు గోడ, దానికొక కిటికీ ఉంటే తప్ప శోభ రాదు. కప్పు నిటారుగా లేస్తుంది. ఆ త్రికోణపు అంచుల వెంబడి చూరు చెక్కలు వేలాడుతాయి. వాటిని జాలీలుగా, అలలుగా, మూడాకుల పోలికగా రంపంతో కోసి మలుస్తారు. కొప్పు కొసన సూదిమొన వంటి కొయ్య కలశం. కప్పుకు పలకరాయి, అందులోనూ చేప పొలుసుల వలె కోసిన పలకల వరుసలు మధ్య మధ్య వస్తాయి. పొగగూళ్ళు అవసరానికి మించి ఎత్తుగా, రెండు మూడు గొట్టాలు జతకలిసి, మెలివేసిన స్తంభాల మాదిరిగా కనిపిస్తాయి. లోపల ఉన్నవి రెండే పొయ్యిలైనా బయటికి మాత్రం ఆ ఇంట నిత్యం విందు జరుగుతున్నట్లే ఉంటుంది.

అన్నిటిలో ముఖ్యమైన అంగం ముందుకు పొడుచుకు వచ్చిన మూడు ముఖాల కిటికీ. అప్పటి సుంకపు దారులలో టోలు వసూలు చేసేవారి ఇళ్ళకు కూడా ఇటువంటి కిటికీయే ఉండేది. దానిలో కూర్చొంటే దారికి ఇటూ అటూ చాలా దూరం కనబడుతుంది. బండి వచ్చే సరికి గేటు తెరిచి నిలబడవచ్చు. ద్వారం మీద రాతి ఫలకంలో కట్టిన సంవత్సరం, యజమాని వంశచిహ్నం లేదా పొడి అక్షరాలు చెక్కి ఉంటాయి. ఆ ఇంట పుట్టి పెరిగిన పిల్లలకు తమ గుమ్మం మీద ఉన్నది తమ పేరు కాదని అక్షరాలు నేర్చిన రోజే తెలిసి ఉంటుంది.

ఇల్లంతా ముఖమే అయితే వీపు ఎక్కడ? లాడ్జి వాస్తులో ఇది నిజమైన సమస్య. బట్టలారేసే దండెం, బొగ్గు రాశి, మరుగుదొడ్డి, పెంటకుప్ప ప్రతి కాపురానికీ తప్పనివి. నాలుగు ప్రక్కలా కనిపించే ఇంటికి వాటిని దాచుకొనే పెరడు లేదు. అందుచేత ఒక మూలను ఎత్తైన గోడతో చుట్టి, దాని వెలుపల హోలీ, లారెల్ వంటి ఆకు రాల్చని పొదలు పెంచి, ఆ ఇరుకు ముంగిటిలో ఇవన్నీ ఇమిడ్చారు. పొదల నీడ పడి ఆ ముంగిలి తడి ఆరేది కాదు. అటక గదుల సంగతి అంతే. బయటికి అందమైన ఆ వాలు కప్పు లోపల పడక మీదికి వంగి వచ్చేది. గది నడుమ తప్ప పెద్దవారు నిలువుగా నిలబడలేరు. వజ్రపు గళ్ళ సీసపు చట్రాల కిటికీలు చిత్రానికి బాగుంటాయి గాని, వాటి గుండా వచ్చే వెలుతురు చాలదు.

గేటు తెరిచే పని చాలా ఎస్టేట్లలో ఇల్లాలిదే. భర్త తోటలోనో, అడవి పనిలోనో, గుర్రపుశాలలోనో కూలికి పోయేవాడు. అద్దె లేని ఇల్లు ఆమె కాపలాకు ప్రతిఫలం. గంట మ్రోగితే పొయ్యి మీద కుండ అలాగే వదిలి పరుగెత్తాలి. అర్ధరాత్రి విందు ముగించుకొని తిరిగివచ్చే బండ్ల కోసం మేలుకొని ఉండాలి. భర్త మరణిస్తే, లేదా కొలువు పోతే, ఇల్లు కూడా పోయేది. ఇంటికి ముందున్న పూలమొక్కలు కూడా ఎస్టేటు మర్యాదలో భాగమే. అవి వాడిపోతే మాట పడేది ఆమే. ‘పెద్దమనిషి గృహం’ అనే తన 1864 గ్రంథంలో వాస్తుశిల్పి రాబర్ట్ కెర్, యజమాని కుటుంబం కంట సేవకులు పడకుండా, సేవకుల కంట యజమానులు పడకుండా భవనాన్ని ఎట్లా విభజించాలో పుటల కొద్దీ రాశాడు. ఆ లెక్కకు లాడ్జి కుటుంబం ఒక్కటే మినహాయింపు. వారి పని అంతా కనబడటంలోనే ఉన్నది.

ఇంత అలంకారం చిన్న ఇంటికి ఎట్లా సాధ్యపడింది? 1845లో గాజు మీద, 1850లో ఇటుక మీద పన్నులు తొలగాయి. 1851లో కిటికీ పన్ను రద్దయింది. వేల్సు కొండల పలకరాయిని, దూరపు బట్టీల రంగురంగుల ఇటుకలను రైలు బండ్లు చౌకగా మోసుకొని వచ్చాయి. ఆవిరి యంత్రంతో నడిచే రంపాలు చూరు చెక్కల నగిషీని సులభం చేశాయి. పూర్వం ప్రతి సీమలో అక్కడి మట్టి, అక్కడి రాయి ఇంటికి రూపునిచ్చేవి. విక్టోరియా యుగం నడిమికి వచ్చేసరికి ఏ సీమ ఇల్లైనా ఏ సీమలోనైనా లేచి నిలబడగలిగింది.

ఆ స్వేచ్ఛ ఎంత దూరం పోయిందో జోసెఫ్ పాక్స్టన్ పనులలో చూడవచ్చు. తోటమాలిగా జీవితం ఆరంభించి, 1851 మహాప్రదర్శనకు స్ఫటిక సౌధాన్ని రూపొందించి సర్ బిరుదు పొందిన ఈ ప్రతిభాశాలి, డెవన్‌షైర్ ఆరవ డ్యూకు కోసం ఛాట్స్‌వర్త్ ఎస్టేటులో ఎడెన్సర్ గ్రామాన్ని 1838–42 మధ్య తిరిగి కట్టించాడు. భవనం నుండి చూస్తే పాత గ్రామం కంటికి అడ్డు వస్తున్నదని దానిలో చాలా భాగం పడగొట్టి, చూపు ఆనని చోట కొత్త ఇళ్ళు లేపారు. ఒకటి స్విట్జర్లండు ఇంటి వలె, ఒకటి ఇటలీ ఇంటి వలె, ఒకటి నార్మన్ కోట వలె ఉంటుంది. ఈ నమూనాలలో పాక్స్టన్‌కు తోడ్పడిన జాన్ రాబర్ట్‌సన్ అంతకుముందు లౌడన్ దగ్గర చిత్రకారుడుగా పనిచేసినవాడే. ఆ ఇళ్ళ అందాన్ని మెచ్చుకొంటూనే, చూపుకు అడ్డమని ఊరినే జరిపిన అధికారాన్ని కూడా గుర్తుంచుకోవాలి.

పాక్స్టన్, రాబర్ట్‌సన్‌లే తరువాత లాడ్జిని ఎస్టేటు గోడ దాటించారు. లివర్‌పూలుకు ఎదుటి ఒడ్డునున్న బర్కెన్‌హెడ్‌లో పుర పాలకుల సొమ్ముతో ప్రజల కోసం ఒక వనం నిర్మితమై 1847 ఏప్రిల్ 5న తెరుచుకొన్నది. సుమారు 226 ఎకరాలలో 125 ఎకరాలు ప్రజా విహారానికి కేటాయించి, తక్కినది ఇళ్ళ స్థలాలుగా అమ్మారు. దీని ప్రవేశాలకు డ్యూకుల ఎస్టేటులో వలెనే లాడ్జిలు కట్టారు. ప్రధాన ద్వారం మూడు కమానులతో, అయోనిక్ స్తంభాలతో, రెండు ప్రక్కలా లాడ్జిలతో లూయిస్ హార్న్‌బ్లోయర్, రాబర్ట్‌సన్‌ల రూపకల్పనలో వెలసింది. మిగిలిన ద్వారాల వద్ద ఒకటి గోథిక్, ఒకటి ఇటాలియన్, ఒకటి నార్మన్, ఒకటి కోట బురుజుల లాడ్జి. రేవు కూలీ కూడా కోచిబండి దొరకు తెరిచే గేటు వంటి గేటులోనుంచి నడిచి వెళ్ళాడు. గేటు కాచేవాడు మాత్రం ఇక్కడ వచ్చేవారిని ఆపడానికి కాక, రానివ్వడానికి ఉన్నాడు.

ఆ తరువాత నాలుగేళ్ళకు ఒక విశేషం జరిగింది. విక్టోరియా భర్త ఆల్బర్ట్ యువరాజు శ్రామిక వర్గాల జీవన స్థితిని మెరుగుపరిచే సంఘానికి అధ్యక్షుడు. 1851 మహాప్రదర్శన సమయంలో హైడ్ పార్కు ప్రక్కన హెన్రీ రాబర్ట్స్ రూపకల్పనలో నాలుగు కుటుంబాలు నివసించదగిన ఒక ఆదర్శ గృహాన్ని ఆయన కట్టించాడు. బోలు ఇటుకలతో గోడలు, నిప్పంటుకోని కప్పు, నడుమ గాలి ఆడే మెట్ల దారి. ప్రతి కాపురానికి ఒక కూడలి గది, అంట్లు తోమే గది, తల్లిదండ్రులకు ఒక పడక గది, ఆడపిల్లలకు ఒకటి, మగపిల్లలకు ఒకటి, లోపలే మరుగుదొడ్డి. పాత లాడ్జిలలో పొదల చాటున దాగిన అవసరాలన్నిటికీ ఇక్కడ గౌరవమైన చోటు దొరికింది. ప్రదర్శన ముగిశాక ఆ ఇంటిని విప్పి, దక్షిణ లండనులోని కెనింగ్టన్ పార్కు ప్రవేశం వద్ద తిరిగి నిలబెట్టారు. దానికి ‘ప్రిన్స్ కాన్సర్ట్ లాడ్జి’ అని పేరు వచ్చింది. పార్కు ఉద్యోగులు అందులో కాపురమున్నారు. చూరు చెక్కల నగిషీ లేని ఈ ఇటుకల ఇంటిని వాస్తు గ్రంథాలు లాడ్జిల వరుసలో అంతగా ఎన్నవు. ఉండేవారి వైపు నుండి గీత గీసిన లాడ్జి అది. దానికి ఆ వరుసలో మొదటి పీట వేయవలసి ఉన్నది.

ఎస్టేటు యజమానులు మాత్రం పాత దారిలోనే ఇంకా ముందుకు పోయారు. ఇందుకు చెస్టర్ నగరం మంచి సాక్ష్యం. గ్రోవ్‌నర్ కుటుంబం ఇంగ్లండులోని మహా సంపన్న వంశాలలో ఒకటి. వారి ఈటన్ ఎస్టేటు నగరానికి దక్షిణాన ఉన్నది. వెస్ట్‌మినిస్టర్ రెండవ మార్క్విస్ నగర ప్రజలకు ఒక వనాన్ని బహూకరించగా, 1867లో అది తెరుచుకొన్నది. వనాన్ని తీర్చినవాడు బర్కెన్‌హెడ్‌లో పాక్స్టన్‌కు కుడిభుజమైన ఎడ్వర్డ్ కెంప్. లాడ్జిని కట్టినవాడు జాన్ డగ్లస్ (1830–1911). క్రింది అంతస్తు ఎర్రని ఇసుకరాయి. పై అంతస్తు నల్లని కొయ్య చట్రం, ఆ చట్రపు గళ్ళలో తెల్లని గచ్చు. చెస్టర్ పురవీధుల పాత ఇళ్ళ సంప్రదాయాన్ని డగ్లస్ పునరుద్ధరించిన తొలి కట్టడం ఇదేనని వాస్తు చరిత్రకారులు గుర్తించారు. తరువాతి యాభై ఏళ్ళలో ఆ నగరపు ముఖమే ఈ నలుపు తెలుపుల పద్ధతికి మారింది.

పై అంతస్తు కొయ్యల మీద ఎనిమిది ప్రతిమలున్నాయి. ఒకటి 1066లో ఇంగ్లండును జయించిన విలియం రాజుది. తక్కిన ఏడూ చెస్టర్ సీమనేలిన నార్మన్ ఎర్లులవి. వారిలో సుప్రసిద్ధుడు హ్యూ లూపస్. గ్రోవ్‌నర్లు తమ వంశానికి ఆ నార్మన్ ప్రభువుతో బంధుత్వం చెప్పుకొనేవారు. మార్క్విస్ తన కుమారునికి హ్యూ లూపస్ అనే పేరే పెట్టాడు. 1874లో ఆ కుమారుడు వెస్ట్‌మినిస్టర్ మొదటి డ్యూకు అయ్యాడు. ఎనిమిది వందల ఏళ్ళ నాటి వంశగాథ, వాచ్‌మన్ పడకగది గోడకు వెలుపల నిలిచి దారిన పోయేవారిని చూస్తున్నదన్నమాట! మన దేవాలయ గోపురాల మీద దాత విగ్రహం ఒక మూల చేతులు జోడించి ఒదిగి నిలుస్తుంది. ఇక్కడ దాత వంశమే ముంగిటి అలంకారమైంది.

మొదటి డ్యూకు డగ్లస్ చేత ఎస్టేటు నిండా వందల కొద్దీ కట్టడాలు కట్టించాడు. కుటీరాలు, వ్యవసాయ గృహాలు, పాఠశాలలు వాటిలో ఉన్నాయి. లాడ్జిల విషయంలో 1881 నాటి ఎక్లెస్టన్ హిల్ లాడ్జి పరాకాష్ఠ. నిటారైన కప్పు, మూలలలో బురుజులు గల మూడంతస్తుల ద్వారభవనం అది. పర్ణశాల అన్న అర్థం నుండి బయలుదేరిన మాట చిట్టచివరకు కోట గుమ్మమై కూర్చొన్నది. దాని వెనుక బండి బాట చివర, ఆల్ఫ్రెడ్ వాటర్‌హౌస్ 1870లో మొదలుపెట్టి పుష్కరకాలం కట్టిన ఈటన్ హాలు అనే మహా గోథిక్ భవనం ఉండేది.

ఇంతలో లండనులోని క్యూ రాజోద్యానంలో మరొక దారి తెరుచుకొన్నది. 1867లో విలియం ఈడెన్ నెస్‌ఫీల్డ్ అక్కడ ఒక చిన్న లాడ్జి కట్టాడు. అతని తండ్రి 1840లలో ఆ ఉద్యానానికి రూపురేఖలు దిద్దిన నెస్‌ఫీల్డే. ఈ లాడ్జికి గోథిక్ మొనలు లేవు, కోట బురుజులు లేవు. నున్నని ఎర్ర ఇటుక, గోడనంటిన చదును స్తంభాలు, గుడారం వలె లేచిన కప్పు, దాని నడినెత్తిన ఒక్కటే పెద్ద పొగగూడు, కప్పులోనుంచి తల ఎత్తిన కిటికీలు మాత్రమే ఉన్నాయి. పదిహేడవ శతాబ్దపు ఇంటి నెమ్మదితనం దానిలో కనబడుతుంది. ‘క్వీన్ ఆన్’ పేరిట తరువాత ప్రఖ్యాతమైన శైలికి ఇది తొలి నమూనాలలో ఒకటి.

ఆ శైలి చేరిన చోటు పాఠశాల వారికి ఆసక్తి కలిగించేది. 1870లో ఇంగ్లండు, వేల్సులలో ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. లండను స్కూలు బోర్డు పేదవాడల నడుమ వందల పాఠశాలలు కట్టవలసి వచ్చినప్పుడు, దాని వాస్తుశిల్పి ఇ.ఆర్. రాబ్సన్ ఎంచుకొన్నది ఈ ఎర్ర ఇటుకల శైలినే. చర్చిని తలపించే గోథిక్ మొనలు అన్ని మతాల పిల్లలు చదివే బడికి తగవని భావించారు. ఎత్తైన తెల్ల చట్రాల కిటికీల నుండి తరగతి గదిలోకి వెలుతురు ధారాళంగా వచ్చేది. 1874లో రాబ్సన్ పాఠశాలల వాస్తు మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రచించాడు. తోటవాకిట ఒక చిన్న ఇంటిలో పరీక్షకు నిలిచిన రూపం, ఒక తరం తిరగకుండానే, వీధి పిల్లలు పలక పట్టుకొని ఎక్కే మెట్ల మీద వెలిసింది.

ఈ వాస్తు ఛాయలు సముద్రం దాటి తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న బెంగుళూరుకు కూడా వచ్చాయి. 1809లో దండు ఏర్పడిన తరువాత అక్కడ వెలసిన బంగళాల ముఖమండపాల మీద, కిటికీల మీద మొనదేరిన కొయ్య గొడుగులు, చెక్క జాలీలు ఉండేవి. వాటిని ఆ ఊరివారు ‘మంకీ టాప్’ అని పిలిచారు. ఇంగ్లండు లాడ్జిల చూరు చెక్కల నగిషీకి ఇవి దగ్గరి చుట్టాలు. అయితే ఇక్కడ అవి ఎండను, వానజల్లును ఆపే పని కూడా చేసి, అలంకారానికి ఒక అర్థం కల్పించాయి. 1889లో లాల్‌బాగ్‌లో శంకుస్థాపన జరిగిన గాజు సౌధానికి పాక్స్టన్ స్ఫటిక సౌధమే ప్రేరణ. దండు ప్రాంతపు పాత బంగళాలు గత కొన్ని దశాబ్దాలలో చాలావరకు నేలమట్టమై బహుళ అంతస్తుల భవనాలకు చోటిచ్చాయి. గాజు సౌధంలో పూల ప్రదర్శనలు జరుగుతున్నాయి.

ఇంగ్లండులో లాడ్జి కథ వేరుగా ముగిసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎస్టేట్ల వారసులు, కూలీలు కూడా మరణించారు. వారసత్వపు పన్నులు పెరిగాయి, కౌళ్ళు తగ్గాయి, మోటారు కార్లు వచ్చి గంట మ్రోగేదాకా ఆగే ఓపిక లేకపోయింది. ఇరవయ్యవ శతాబ్దిలో వందలాది మహాభవనాలను యజమానులే పడగొట్టించారు. పుష్కరకాలం కట్టిన ఈటన్ హాలును కూడా 1961–63లో కూల్చివేశారు. చర్చి, గుర్రపుశాలలు వంటి కొన్ని భాగాలు మాత్రం మిగిలాయి. ఎక్లెస్టన్ హిల్ లాడ్జి నిలిచే ఉన్నది. దేశమంతటా ఇటువంటి దృశ్యాలు కనిపిస్తాయి. గేట్లున్నాయి, లాడ్జి ఉన్నది, బండి బాట గడ్డిలోకి పోయి అంతరించింది. ఎవరి ముఖంగా ఆ ఇంటిని కట్టారో ఆ శరీరం లేదు.

మిగిలిన లాడ్జిలలో అనేకం చట్టరక్షణ పొందిన కట్టడాలు. కొన్నిటిని 1965లో స్థాపితమైన ల్యాండ్‌మార్క్ ట్రస్టు వంటి సంస్థలు బాగుచేసి విహారయాత్రికులకు అద్దెకిస్తున్నాయి. ఆ విధంగా ఆ మాటకు తెలుగువారెరిగిన అర్థం కూడా వాటిపట్ల నిజమైంది. ఇంకా అనేకం సామాన్య కుటుంబాల సొంత ఇళ్ళయ్యాయి. వాటికి కొత్త వంటగది, స్నానాల గది, పిల్లలకొక గది చేర్చవలసి వచ్చినప్పుడు, రహదారి నుండి చూసేవారికి పాత రూపు చెడకుండా వెనుక వైపే కట్టుకొంటారు. ఒకప్పుడు పొదల చాటున బొగ్గు రాశి, బట్టల దండెం దాగిన ఆ తడి ముంగిట్లోనే, ఆ ఇళ్ళలో చాలావాటికి నేడు పెద్ద కిటికీలు గల వెలుతురు గది ఉన్నది.